కాంతమణి లెక్కలో సున్నా లేదు

కాంతమణి గురించి నలుగురూ మెచ్చుకుంటూ మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఎంత నిజాయితీ గల మనిషమ్మా" అంటారు. నిజాయితీట! ఆ నిజాయితీతో ఏళ్ళ తరబడి వేగినదాన్ని నేను. మెట్టుగూడలో ఒకటే కాంపౌండు, రెండు వాటాలకూ మధ్య ఒకటే గోడ. పనిచేసేదీ ఒకటే బడి. ఆవిడ పెద్ద తరగతులకు ఫిజిక్సు చెప్పేది, నేను తెలుగు. కొత్త చీర కట్టుకుని "ఎలా ఉందే?" అని అడిగితే "నీకు నప్పలేదు లీలా" అనేది. అదీ ఎక్కడ? పెళ్ళికి వెళ్ళే దారిలో, ఆటోలో!

ఒకసారి బడికి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ల్యాబంతా తిరిగి చూసి "సామాను బాగానే ఉందే" అని సంతోషపడ్డాడు. మా హెడ్‌మిస్ట్రెస్ ముఖం వెలిగిపోయింది. ఇంతలో కాంతమణి "ఇవి మావి కావండీ, నిన్న వేరే బడి నుంచి తెచ్చాం, రేపు తిరిగి ఇచ్చెయ్యాలి" అంది. ఆయన నవ్వాలో కోప్పడాలో తెలియక కుర్చీ వెతుక్కున్నాడు. అలా ఉండేది వ్యవహారం. అడిగితే చాలు, ఉన్నదున్నట్టు చెప్పేసేది. మెత్తగా చెప్పడం కూడా రాదు.

కాంతమణి వాళ్ళది బాపట్ల వైపు. తండ్రి చర్చి సంఘంలో ఉపదేశిగా, అంటే బోధకుడిగా, పనిచేసి పోయారు, తల్లి అంతకు ముందే పోయింది. ఉద్యోగం రాగానే చెల్లెలు ఆలిస్‌ని వెంటబెట్టుకుని సికింద్రాబాదు వచ్చేసింది. తను పెళ్ళి మాట ఎత్తలేదు. ఆలిస్ చర్చి క్వయర్‌లో పాడేది. అక్కడే జ్ఞానశేఖర్ పరిచయమయ్యాడు, పెళ్ళి చేసుకున్నారు. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళమ్మ రోసమ్మ మాత్రం అలా కాదు. చర్చిలో ఆడవాళ్ళ సంఘం, స్త్రీల మైత్రికి పెద్ద, ఆవిడ గొంతు విప్పితే వీధి చివరి దాకా వినిపిస్తుంది.

ఆలిస్ కాన్పు అత్తగారింట్లో జరిగింది. తెలిసిన మంత్రసాని ఉంది కదా, ఆసుపత్రి దేనికి అంది రోసమ్మ. రక్తం ఆగలేదు. ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. సమాధి దగ్గర, పెట్టె ఇంకా గోతిలోకి దించకముందే, కాంతమణి అందరి ముందూ "కాస్త ముందు తీసుకెళ్ళి ఉంటే బతికేది" అంది. నిజమే. కానీ అది ఆ మాటకు సమయమా చెప్పండి? రోసమ్మ ఆ మాట మరిచిపోలేదు.

అయినా పసిగుడ్డును పెంచే ఓపిక అప్పుడు రోసమ్మకు లేదు. భర్త పక్షవాతంతో మంచాన పడి ఉన్నాడు. పిల్లను కాంతమణి తెచ్చుకుంది. దేవకృప అని పేరు పెట్టుకుంది. ఆ పిల్ల వచ్చాక ఆవిడ నవ్వడం నేను మొదటిసారి చూశాను. పాలు కాచడం, ఉగ్గు పెట్టడం, జోలపాట స్థానంలో కీర్తనలు. మాటలు వచ్చే వయసులో పిల్ల "అమ్మా" అంటే, "అమ్మ కాదు, పెద్దమ్మ. అమ్మ పేరు ఆలిస్" అని ఫొటో చూపించేది. "పిలిపించుకోవే, ఎవరు వద్దన్నారు?" అని నేను పోరేదాన్ని. "కాను కదా లీలా" అనేది. అంతే.

కృపకు అయిదో ఏడు నడుస్తుండగా కాంతమణి మెడ దగ్గర చిన్న గడ్డ కనిపించింది. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. భయపడక్కర్లేదు, నయమయ్యే రకమే, ఆపరేషన్ చేసి తర్వాత అయొడిన్ ఇస్తాం అన్నారు. వేసవి సెలవుల్లో ఆపరేషన్ అయింది. బాపట్ల వెళ్తున్నానని ఎవరికీ బొంకలేదు, ఎక్కడికి వెళ్తున్నానో కూడా చెప్పలేదు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి కదా, ఊరుకుంది. నాకు మాత్రం చెప్పింది. "జబ్బని తెలిస్తే రోసమ్మ అత్తయ్య పిల్లను తీసుకెళ్ళిపోతుంది లీలా. దాని తండ్రి బతికి ఉన్నాడు. నాకు ఏ హక్కూ లేదు" అంది. ఆ మాట అనే ముందు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చింది. క్యాన్సర్ అన్నప్పుడు వెయ్యలేదు.

వానలు మొదలయ్యాక ఆ అయొడిన్ ఇచ్చారు. మామూలు అయొడిన్ కాదు, రేడియోధార్మికత ఉన్నది. ఆసుపత్రిలో ఒక గదిలో కొన్నాళ్ళు ఒంటరిగా ఉంచి, ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పారు. మూడు వారాలు చిన్నపిల్లలను, గర్భిణులను దగ్గరకు రానివ్వకూడదు. కంచం, గ్లాసు వేరు. ఎంగిలి ఎవరికీ తగలకూడదు, ఆ మందు ఎంగిలిలోనూ చెమటలోనూ బయటికి వస్తుంది.

నాకు అదంతా అయోమయంగా ఉంటే కాంతమణి మా వాటాల మధ్య గోడకు అవతల నిలబడి పాఠం చెప్పింది. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద చెప్పిన పాఠం ఇప్పుడు ఆవిడ ఒంట్లోనే జరుగుతోంది. "ఈ అయొడిన్ పరమాణువులు ఒక్కొక్కటీ కిరణాలు వదిలి వేరే పదార్థంగా మారిపోతుంటాయి. ఏ పరమాణువు ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ మొత్తం గుంపును చూస్తే ఎనిమిది రోజులకు సగం మారిపోతాయి. దాన్నే అర్ధజీవితకాలం అంటాం. మిగిలిన దాంట్లో సగం ఇంకో ఎనిమిది రోజులకు. ఇదిగాక నీళ్ళతో పాటు ఒంట్లోంచి బయటికి పోయేది వేరే."

"చివరికి అయిపోతుంది కదా?"

"హాని చెయ్యనంత తక్కువైపోతుంది."

అయిపోతుందా అని అడిగితే అయిపోతుంది అనొచ్చుగా! అనదు.

ఆ మూడు వారాలూ కృప మా ఇంట్లో ఉంది. పగలంతా బాగానే ఆడేది. పడుకునే వేళకు పెద్దమ్మ కావాలని మొదలుపెట్టేది. కాంతమణి తన వరండాలో ఆ చివర కుర్చీ వేసుకుని, అక్కడి నుంచే గట్టిగా కథ చెప్పేది. యోనా, చేప, తుఫాను. పిల్ల మా వరండాలో కూర్చుని మధ్య మధ్యలో "చేప నోరు ఎంత పెద్దది పెద్దమ్మా?" అని అరిచేది. కాంపౌండులో కుక్క కూడా కథ వింటున్నట్టు మధ్యలో పడుకునేది. నేను లోపలికి వెళ్ళి ఏడ్చుకునేదాన్ని. కాంతమణి మాత్రం కథ పూర్తయ్యే దాకా గొంతు తడబడనిచ్చేది కాదు.

ఇంతలో, మందు తీసుకున్న పన్నెండో రోజున, నెల మొదటి ఆదివారం వచ్చింది. వాళ్ళ చర్చిలో ఆ రోజు ప్రభువు బల్ల. రొట్టె పంచి, ద్రాక్షారసం ఉన్న ఒకటే గిన్నెను అందరి పెదవులకూ అందిస్తారు. మా ఇళ్ళలో ఎంగిలి అంటే ఉలిక్కిపడతాం. వాళ్ళలో ఆ ఒక్క గిన్నెలో అందరూ తాగితేనే అందరూ ఒకటైనట్టు. "ఈ ఒక్క ఆదివారం ఇంట్లో పడి ఉండవే తల్లీ" అని మొత్తుకున్నాను. "వెళ్ళకపోతే స్త్రీల మైత్రి వాళ్ళు ఒంట్లో బాగాలేదేమోనని ప్రార్థన చెయ్యడానికి ఇంటికొస్తారు. చంకన పిల్లలతో వస్తారు" అంది. అదీ నిజమే. అందుకని వెళ్ళింది. చివరి బెంచీలో, తలుపు పక్కన, ఎవరికీ దగ్గర కాకుండా కూర్చుంది. బల్ల దగ్గరకు వెళ్ళలేదు.

అక్కడే వచ్చింది చిక్కు. వాళ్ళలో బాప్తిస్మం తీసుకుని, సంఘంలో ఉన్న మనిషి బల్ల దగ్గరకు రాలేదంటే రెండే కారణాలు. ఏదో తప్పు చేస్తే పాస్టరుగారు ఆపి ఉండాలి. లేదా తోటి విశ్వాసి మీద పగ పెట్టుకుని, రాజీపడకుండా ఆ గిన్నె తీసుకోకూడదని ఆగి ఉండాలి. మూడో కారణం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఆ మధ్యాహ్నమే రోసమ్మ ఆటో దిగింది. గేటు తీస్తూనే మా వరండాలో ఆడుకుంటున్న కృపను చూసింది.

"ఏంది లీలమ్మా, పోరి మీ ఇంట్ల ఉందేంది?"

"కాంతమణికి కళ్ళకలక వచ్చిందండీ, పిల్లకు అంటుకుంటుందని..." అన్నాను. నాకు తోచిన అబద్ధం అది.

"కళ్ళకలకనా? పొద్దుగాల చర్చిల చూసిన గదా. కళ్ళు మంచిగనే ఉన్నయ్."

అవతలి వరండాలోంచి కాంతమణి లేచి నిలబడింది. "కళ్ళకలక కాదు అత్తయ్యగారూ. లీల నాకోసం అబద్ధం చెప్పింది."

నాకు తల కొట్టేసినంత పనైంది.

రోసమ్మ ఆ మాట పట్టించుకోలేదు. తన మంట తనది. "గిన్నె కాడికి ఎందుకు రాలే నువ్వు? నా మీద పగనే గదా? నా కోడలు పోయి అయిదేండ్లాయె. నేనే సంపినట్టు ఆనాడు సమాధుల కాడ అన్నవ్, పడ్డ. ఇయ్యాల బల్ల కాడికి రాకుండ కూసుంటివి, సంఘమంత నా మొకమే చూసింది. నన్నెందుకు గిట్ల పరేషాన్ చేస్తవ్?" అంటూనే కళ్ళు ఒత్తుకుంది. అయిదేళ్ళుగా ఆవిడ కూడా లోపల కాలుతూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"మీ మీద పగ లేదు. నా ఎంగిలి ఆ గిన్నెకు తగలకూడదు" అంది కాంతమణి. గడ్డ, ఆపరేషన్, అయొడిన్, అన్నీ చెప్పింది. దాచుకున్నదంతా తన నోటితోనే బయటపెట్టేసింది.

రోసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవా! ఒక్కదానివే గింత తక్లీఫ్ పడ్డవా బిడ్డా? మాకొక మాట చెప్పకపోతివి" అంటూ దగ్గరకు పోబోయింది. కాంతమణి వద్దని చెయ్యి చూపించింది. రోసమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

"ఎన్ని దినాలకు పోతది ఆ మందు?"

"ఎనిమిది రోజులకు సగం పోతుంది."

రోసమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంది. "ఎనిమిదికి సగం, ఇంకో ఎనిమిదికి ఇంకో సగం. గంతే గదా? అయితే మొత్తం పోయినట్టే!" ఆవిడ ముఖం తేటపడింది. "సరే తియ్యి. పోరి ఇంకో నాల్గు దినాలు లీలమ్మ కాడనే ఉండని. నేను పోయి గా ఆడోళ్ళ నోళ్ళు మూయిస్త."

లేచి కొంగు దులుపుకుంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గేటు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆవిడ వెళ్ళిపోతే చాలు, గండం గడిచినట్టే.

"అలా కాదు అత్తయ్యగారూ" అంది కాంతమణి.

ఊరుకోవే అని కళ్ళతో చెప్పాను. చూడలేదు. చూసినా ఆగదు. "రెండో ఎనిమిది రోజుల్లో మిగిలిన సగమంతా పోదు. ఆ సగంలో సగమే పోతుంది. పావు మిగులుతుంది. తర్వాత ఆ పావులో సగం. కృపా, చింతపిక్కలు తెచ్చి నానమ్మకు చూపించు."

క్లాసులో ఈ పాఠానికి ఆవిడ వాడేది అవే. చీల్చిన చింతపిక్కలు పళ్ళెంలో వేసి ఎగరేస్తే కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా పడతాయి. తెల్లవి మారిపోయిన పరమాణువులని తీసేస్తారు. మిగిలిన నల్లవాటిని మళ్ళీ ఎగరేస్తారు. ఇంచుమించు సగం చొప్పున తగ్గుతూ వస్తాయి. కృపకు అది ఆట. పరుగున పళ్ళెం తెచ్చి నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఎగరేసింది. పిక్కలు తగ్గుతూ వచ్చాయి. చివరకు ఒక్కటి మిగిలింది. ఎగరేసింది, నల్లగా పడింది. మళ్ళీ ఎగరేసింది, మళ్ళీ నలుపే. ఇంకోసారి, అదే. ఖర్మ కాకపోతే ఇంకేమిటి!

పిల్ల చప్పట్లు కొట్టింది. "ఇది పోదు నానమ్మా! పోనే పోదు!"

రోసమ్మ నవ్వలేదు. ఆ పిక్కనే చూస్తూ ఉండిపోయింది.

"ఆ చివరిది ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు" అంది కాంతమణి, పాఠం ధోరణిలోనే. "కానీ అప్పటికి హాని అంటూ ఏమీ ఉండదు. మూడు వారాలు చాలని డాక్టరు చెప్పారు."

"మొత్తం పోయింది అని చెప్పే దినం ఉండదంటవ్."

"అలాంటి రోజు ఉండదు. కానీ..."

"పోరి నీ పక్కల పండుకుంటది. అప్పటికి సుత నీ ఒంట్ల జెరంత ఉంటదా, ఉండదా? ఒక్క మాట జెప్పు."

"ఉండదు అను" అని నేను పైకే అన్నాను. ఆవిడకు వినిపించేట్టే అన్నాను.

కాంతమణి మా ఇద్దరినీ చూసింది. "అసలే ఉండదని నేను చెప్పలేను" అంది.

మరునాడు సాయంత్రం జ్ఞానశేఖర్ స్కూటరు వేసుకుని వచ్చాడు. తల ఎత్తలేదు. "వదినా, అమ్మ భయపడుతున్నది. నువ్వు మంచిగయినంక మళ్ళ తోలుకపో. కొన్ని దినాలే" అన్నాడు. నేను కృప బట్టలు సంచిలో సర్దాను. సర్దుతూ ఆ మనిషిని నానా మాటలూ అన్నాను, పడ్డాడు. పిల్లకు స్కూటరు ఎక్కడమంటే సరదా. గేటుకు సగం దూరం వెళ్ళి, పెద్దమ్మకు ముద్దు పెట్టలేదని గుర్తొచ్చి, చేతులు చాపుకుని వెనక్కి పరుగెత్తింది.

"ఆగు!" అని అరిచింది కాంతమణి. గడువు ఇంకా కొద్ది రోజులుంది.

ఎప్పుడూ అలా అరవని మనిషి. పిల్ల బిత్తరపోయి నిలబడింది.  తండ్రి వచ్చి ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

"పోయిందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?" అని ఆ రాత్రి గోడ మీంచి కడిగేశాను.  కాంతమణి "అబద్ధం చెప్పి దగ్గర ఉంచుకుంటే, రేపు దానికి చిన్న జ్వరం వచ్చినా నేనేనేమో అనుకుంటూ బతకాలి లీలా" అంది. నా కోపం మాత్రం పోలేదు.

గడువు దాటింది. డాక్టరు పరీక్షలు చేసి అంతా బాగుందన్నాడు, పిల్లను నిశ్చింతగా ఎత్తుకోమన్నాడు. లాలాగూడ నుంచి మాత్రం పిల్ల రాలేదు. మొదట వచ్చే వారం అన్నారు. తర్వాత దసరా సెలవులన్నారు. తర్వాత క్రిస్మస్ అన్నారు. చర్చిలో కృప రోసమ్మ పక్కన కూర్చునేది. కాంతమణి మళ్ళీ బల్ల దగ్గరకు వెళ్ళింది. మోకరించిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే జరిగి, వరస చివర ఆవిడకు చోటు చేశారట. గిన్నె ఆవిడ తర్వాత ఇంకెవరి దగ్గరకూ వెళ్ళకుండా.  ఆ తర్వాత ప్రతి నెలా ఆవిడే వెళ్ళి చివర మోకరించడం అలవాటు చేసుకుంది.

జనవరిలో ఇక నేను ఉండబట్టలేక ఆవిడను బయల్దేరదీశాను. లాలాగూడలో రోసమ్మ ఆదరంగానే కూర్చోబెట్టింది. టీ తెచ్చింది. నాకు స్టీలు గ్లాసులో, కాంతమణికి తాగి పారేసే ప్లాస్టిక్ కప్పులో. గ్లాసు వేరు చెయ్యడం మా పెద్దల ఇళ్ళలో చూసినదాన్నే, ఎవరికి ఎందుకు వేరు చేసేవారో నాకు తెలుసు. నేను గ్లాసు కింద పెట్టేశాను. కాంతమణి కప్పు ఎత్తి తాగింది.

డాక్టరు చెప్పిందంతా చెప్పాం. రోసమ్మ ఓపిగ్గా విన్నది. "మంచిగయినవ్, దేవునికి స్తోత్రం. కాని పోరి ఈడ అలవాటు పడ్డది. బళ్ళె సుత ఏసినం. ఈడనే ఉండనియ్యి బిడ్డా. నీకు చూడబుద్ధయినప్పుడు వచ్చి చూసిపో" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కొట్లాడేదాన్ని.

అప్పుడే బడి నుంచి వచ్చింది కృప. సంచీ విసిరేసి వచ్చి కాంతమణి ఒళ్ళో పడింది. "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ మెడ పట్టుకుని ఊగింది. కాంతమణి కళ్ళు మూసుకుని దాని జుట్టులో ముఖం పెట్టుకుంది. ఎంతసేపు అలా ఉందో, నేను వేరే వైపు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి పిల్ల ఒళ్ళోంచి దిగి, ఎవరూ చెప్పకుండానే పెరట్లో బకెట్ దగ్గరకు వెళ్ళింది. సబ్బు తీసుకుంది. చేతులు, ముఖం, మెడ రుద్దుకోవడం మొదలుపెట్టింది. మేం వెనకే వెళ్ళాం. రోసమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"నువ్వు ముట్టుకుంటే కడుక్కోవాలంట పెద్దమ్మా. లేకపోతే నాకూ వస్తదంట" అంది పిల్ల, నురగ ముఖంతో. ఇంట్లో వినీ వినీ దాని మాట కూడా మారిపోయింది. "నిజమేనా? నువ్వు అబద్ధం చెప్పవు గదా, నువ్వు చెప్పు."

రోసమ్మ ముఖం పాలిపోయింది. నేను కాంతమణి జవాబు కోసం ఎదురుచూశాను. ఇప్పుడు చెప్తుంది, ఉన్నదున్నట్టు చెప్తుంది, ఇన్నాళ్ళకు ఆవిడ నిజం ఆవిడకే పనికొస్తుంది అనుకున్నాను. కాంతమణి గుమ్మంలో ఉన్న రోసమ్మను చూసింది. పిల్ల ఆ ఇంట్లో, ఆ నానమ్మ మాట నమ్ముకుని పెరగాలి.

"నిజమే" అంది కాంతమణి. "నానమ్మ చెప్పినట్టే చెయ్యి."

తర్వాత వంగి మగ్గు తీసుకుని, నురగంతా పోయే దాకా పిల్ల చేతుల మీద నీళ్ళు పోసింది.